కోతకు వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి, మామయ్య దీవించి వ్రాయునది.

నువ్వు పోర్చుగల్‌లో డౌరో లోయకు, నోవాల్ ఎస్టేటుకు కోత కాలంలో పని నేర్చుకోవడానికి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెబుతూనే ఏడ్చింది. ఆ నిటారు కొండ మీద ఎక్కడ జారిపడతావో అని దాని దిగులు. నేను మాత్రం కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను, మా మేనకోడలు వైన్ విద్య నేర్చుకోబోతోందని. తీరా రాత్రి పడుకున్నాక నిద్ర రాలేదు. నా భయం కొండ గురించి కాదు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. మడమలు గట్టిగా పట్టే బూట్లు కొనుక్కో. సెప్టెంబరులో కూడా పగటి ఎండ తగ్గదు, టోపీ మరవకు. ఊరగాయ సీసా మూత మీద ప్లాస్టిక్ చుట్టి టేపు వెయ్యి. పోర్టో నుంచి పిన్యావ్ వరకు రైల్లోనే వెళ్ళు, సగం దారి దాటాక నది పక్కనే సాగుతుంది. పిన్యావ్ స్టేషను గోడల మీద నీలి పెంకులతో కోత దృశ్యాలు పరిచారు. నువ్వు చేయబోయే పనంతా అక్కడ బొమ్మల్లో ఉంది, నిలబడి చూడు.

ఆ ఎస్టేటు పేరు 1715 నాటి పత్రాల్లోనే కనిపిస్తుంది. 1756లో పోర్చుగల్ మంత్రి పోంబాల్ హయాంలో ఆ లోయకు వైన్ ప్రాంతంగా హద్దులు గీశారు. తర్వాతి శతాబ్దంలో ఫిలోక్సెరా పురుగు వేళ్ళను తినేసి తోటలకు తోటలనే ఎండబెట్టింది. 1894లో ఆంటోనియో జోసే ద సిల్వా అనే వ్యాపారి ఆ పాడుబడిన తోటను కొని, ఆ పురుగును తట్టుకునే అమెరికా వేరుమొక్కల మీద అంటు కట్టిన తీగలతో మళ్ళీ నాటించాడు. మన దగ్గర డాగ్రిడ్జ్ వేరు మీద అంటు కడతామే, అదే పద్ధతి. అయినా అక్కడ సుమారు రెండు హెక్టార్ల ముక్కలో ఇప్పటికీ అంటు లేని తీగలు సొంత వేళ్ళ మీదే నిలబడి ఉన్నాయి. 'నసియొనాల్' పేరుతో వచ్చే పోర్ట్, అంటే ఆ లోయ తీపి వైన్, వాటిదే. ప్రపంచమంతా మాంద్యంలో కూరుకుపోయి చాలా కంపెనీలు వింటేజ్ (మంచి ఏడాది పంటతోనే చేసే మేలిరకం పోర్ట్) ప్రకటించని 1931లో నోవాల్ ప్రకటించింది. ఆ సీసాల కోసం నేటికీ జనం ఆరాటపడతారు. ఆ ముక్కలోకి వెళ్ళనిస్తే తీగల మొదళ్ళు చూడు. చేత్తో తాకే ముందు మాత్రం అనుమతి అడుగు.

రాతి తొట్టెల్లో కాళ్ళతో ద్రాక్ష తొక్కడానికి పిలిస్తే సంతోషంగా దిగు. మొదట వరుసగా, ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని, లెక్క ప్రకారం అడుగులు వేస్తారు. రసంలోని చక్కెర సగం వరకు పులిశాక 77 శాతం ఆల్కహాలు ఉన్న ద్రాక్ష సారాయి పోసి ఆ పులియడాన్ని ఆపేస్తారు. పోర్ట్‌లో తీపి మిగిలేది అందుకే. సారాయి ఎప్పుడు పోయాలన్నది అక్కడి పెద్దలు నాలుక మీద వేసుకుని, చక్కెర కొలిచి తేలుస్తారు. ఆ సమయంలో వాళ్ళ పక్కనే ఉండు, నిద్ర మానుకునైనా సరే.

ఇప్పుడు అసలు మాట. ఒక లీటరు రసం పూర్తిగా పులిస్తే సుమారు 50 లీటర్ల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. దానికి రంగు లేదు. గాలికన్నా బరువు కనుక అడుగున పేరుకుంటుంది. మన ఊళ్ళలో పాడుబడిన బావి పూడిక తీయడానికి దిగిన మనిషి పైకి రాకపోవడం, వాడి కోసం దిగిన అన్న కూడా రాకపోవడం నువ్వు వినే ఉంటావు. వైన్ ట్యాంకులోనూ జరిగేది అదే.

నేను పనిచేసిన ఒక చోట నీ వయసు కుర్రవాడు ఉండేవాడు. చురుకైనవాడు, ఏ పనికీ కాదనేవాడు కాదు. వైన్ తోడేసిన ట్యాంకులో పిప్పి మిగిలింది. ఫ్యాను పెట్టి గాలి మార్చేదాకా ఆగమన్నారు. మధ్యాహ్నం లారీ వచ్చేస్తుందని తొందరపడి, ఒక్క నిమిషమే కదా అని కింది తలుపులోంచి లోపలికి దూరాడు. అరుపు లేదు, దగ్గు లేదు. పార కింద పడిన చప్పుడు విని స్నేహితుడు వెనకే దూరాడు. ఇద్దరినీ తాళ్ళతో లాగాము. రెండోవాడు బతికాడు. మొదటివాడి అమ్మ మడకశిర నుంచి వచ్చేసరికి చీకటి పడింది. ఆమెకు ఎదురువెళ్ళి నిలబడింది నేనే. ఆవిడ ఏడవలేదు, 'వాడు పొద్దున ఏమైనా తిన్నాడా?' అని అడిగింది.

అందుకే గట్టిగా చెబుతున్నాను, విను. ఎవరు తొందరపెట్టినా, ఎంత పెద్దవాళ్ళు చెప్పినా, మీటరుతో గాలి కొలవకుండా, బయట ఒక మనిషి కాపలా లేకుండా ట్యాంకులోకి తల కూడా పెట్టకు. దీపం వెలుగుతోంది కదా అని నమ్మకు. లోపల ఎవరైనా పడిపోతే కేక వెయ్యి, పరిగెత్తి సాయం తీసుకురా, నువ్వు మాత్రం దూరకు. నీ మనసు నాకు తెలుసు. చిన్నప్పుడు కుక్కపిల్ల కోసం కాలువలోకి దూకిన పిల్లవు. నా భయం అంతా అక్కడే ఉంది తల్లీ. పిరికిదానివని ఎవరైనా అంటే అననీ.

చేరగానే ఆ మీటరు ఎక్కడ పెడతారో అడిగి, ఎలా వాడాలో నేర్చుకుని నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రి అయినా పరవాలేదు. ఈ ఉత్తరం అమ్మకు చూపించకు, దానికి కొండ దిగులు చాలు.

ఆశీస్సులతో,
మీ మామయ్య