అద్దె తక్కువని ఆ ఫాంహౌస్ తీసుకోకు, తమ్ముడూ

తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వయసులో చిన్నవాడివని నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. మీ ఆవిడకి అమెరికాలో నార్త్ డకోటాలో, జేమ్స్‌టౌన్‌లో మూడేళ్ళ వెయివర్ ఉద్యోగం (విదేశీ డాక్టర్లు స్వదేశానికి వెళ్ళకుండా, డాక్టర్లు తక్కువున్న చోట మూడేళ్ళు చేసేది), నీకింకా వర్క్ పర్మిట్ లేదు, అంటే ఒక్క జీతం. పన్నెండేళ్ళ కిందట నేనూ సరిగ్గా ఇలాగే దిగాను. వీసా సంగతి లాయరు చూసుకుంటాడు. రోడ్డు తెరిచి ఉందో మూశారో రాష్ట్రం వాళ్ళ ట్రావెల్ మ్యాప్‌లో కనిపిస్తుంది. కోట్లు, బూట్లు, ఒంటరితనం అంటూ ఎనిమిది ప్రశ్నలు వేశావు. ఊరవతల పాత ఫాంహౌస్ చవగ్గా దొరికిందని మాత్రం చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశావు. నా టెన్షనంతా ఆ ముక్క మీదే.

2021 ఫిబ్రవరిలో హ్యూస్టన్ చలి చూశాం కాబట్టి అలవాటే అన్నావు. నవ్వొచ్చింది. దాన్ని ఇక్కడ మార్చి నెల అంటారు. మన ఒంగోలుకి సముద్రం ఉంది, ఎండనీ చలినీ కాస్త సర్దుతుంది. జేమ్స్‌టౌన్ ఉన్న ఈ స్టట్స్‌మన్ కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, ఖండం నడిమధ్యలో ఉంది. ఉత్తరాన ధ్రువం దాకా అడ్డంగా ఒక్క కొండ లేదు. అక్కడి గాలి తిన్నగా వచ్చి నీ వంటింటి గోడకి కొడుతుంది. 1936లో ఒక్క ఏడాదే చూడు: ఫిబ్రవరిలో పార్షల్‌లో మైనస్ 60 ఫారెన్‌హీట్, జూలైలో మా పక్క కౌంటీ స్టీల్‌లో 121. ఈ రాష్ట్రం రికార్డులు రెండూ ఆ ఏడాదివే. ఊరవతల ఇళ్ళని వేడిచేసేది ట్యాంకులో పోసుకునే ప్రొపేన్ గ్యాస్. మైనస్ 44 దాటితే అది ఆవిరి కూడా కాదు, ట్యాంకు నిండా ఉన్నా పొయ్యి వెలగదు. ఆ రికార్డు గుర్తొచ్చినప్పుడల్లా నాకు మొదట గ్యాసే గుర్తొస్తుంది.

మేం వచ్చింది 2013 సెప్టెంబరులో. నీలాకాశం, కోసేసిన గోధుమ చేలు, మెత్తని ఎండ. ఊళ్ళో అపార్ట్‌మెంట్ అద్దెలో సగానికే ఫాంహౌస్ దొరికింది. నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను. ఊళ్ళో అయితే నేచురల్ గ్యాస్ పైపులో వస్తుంది, నెలనెలా బిల్లు. ఊరవతల ప్రొపేన్ ట్యాంకు, లారీ వచ్చి నింపాలి. ఇంటాయన పెద్ద రైతు. "ధర ఎండాకాలంలోనే ఖాయం చేసుకోవాలి, నువ్వు ఆలస్యంగా వచ్చావు, ఇప్పుడైనా పూర్తిగా నింపించు" అన్నాడు. అప్పుడు గ్యాలన్ రెండు డాలర్ల లోపే. నేను రెండు వందల గ్యాలన్లే పోయించాను. బంగారం కొన్నట్టు, ధర దిగాక మిగతాది తీసుకుందామని.

డిసెంబరులో ఇంకోసారి లారీ వచ్చింది. ఐదు వందల గ్యాలన్ల ట్యాంకు, ముల్లు 80 దగ్గరికి రాగానే ఆపేశాడు. మన పెట్రోలు బంకు గుర్తొచ్చి అతనితో తగువు పెట్టుకున్నాను, మిగతా వంద ఎక్కడని. ఎండకి ప్రొపేన్ వ్యాకోచిస్తుందనీ, అందుకే ఎవరికైనా 80 శాతమే నింపుతారనీ, పోసినంతకే బిల్లు అనీ ఆ కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు. ఇప్పటికీ కనిపిస్తే నవ్వుతాడు.

ఆ ఏడాది మిడ్‌వెస్ట్‌లో, అంటే ఈ నడిమి రాష్ట్రాల్లో, మొక్కజొన్న తడిగా ఇంటికొచ్చింది. మనవాళ్ళు రోడ్డు మీద ఆరబోస్తారు, వీళ్ళు ప్రొపేన్ డ్రయర్లలో ఆరబెడతారు. ఉన్న గ్యాస్ అటు పోయింది. దాని వెనకే జనవరి చలి. గ్యాలన్ నాలుగు డాలర్లు దాటింది. దిగుతుందిలే అని నేను ఇంకా ఆగాను. జనవరి ఆఖర్లో మినియాపోలిస్‌లో సంక్రాంతి సంబరాలకి వెళ్ళాం, ఐదు గంటల ప్రయాణం. వెళ్తూ ఇంటి వేడి సర్దే థర్మోస్టాట్ 50 ఫారెన్‌హీట్‌కి తగ్గించాను, పొదుపని. ట్యాంకు ముల్లు 12 శాతం మీద ఉంది.

తిరిగొచ్చేసరికి ఇల్లు వేడిచేసే ఫర్నెస్ చప్పుడు లేదు. వాయవ్యం గోడలో పైపు పగిలి, వంటింటి నేలంతా ఐసు. ట్యాంకు ఖాళీ అయితే లీక్ టెస్ట్ చెయ్యకుండా నింపరు, దానికో చార్జి. ఆదివారం లారీ రావడానికి ఇంకో చార్జి. ప్లంబరు సంగతి చెప్పక్కర్లేదు. అన్నీ కలిపి రెండు వేల ఆరు వందల డాలర్లు. రూపాయల్లోకి మార్చుకోవద్దంటారు, నేను మార్చాను. అప్పటి రేటుకి లక్షా అరవై వేలు. మా ఆవిడ ఒక్క మాట అనలేదు, డ్యూటీకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

కాబట్టి ఇల్లు చూసేటప్పుడు వాయవ్యంలో చెట్ల వరస ఉందో లేదో చూడు. ఇక్కడి వాస్తు అదే. 1930ల్లో దుమ్ము తుఫాన్లు లేచాక ప్రభుత్వమే ఈ మైదానాల్లో రైతుల పొలాల్లో వరసలు నాటించింది. ఆ చెట్లు గాలినీ ఆపుతాయి, మంచునీ ఆపుతాయి. ఆకాశం తేటగా ఉన్నా నేల మీది మంచు గాలికి లేచి ఎదురుగా బండి కనపడదు, హైవే గేట్లు వేసేస్తారు. అలా ఇరుక్కుంటే బండి దిగి నడవకు. సైలెన్సర్ గొట్టం దగ్గర మంచు తవ్వి, ఇంజను కాసేపు వేసి కాసేపు ఆపుతూ కూర్చో. లేకపోతే విషవాయువు లోపలికొస్తుంది. సున్నా ఫారెన్‌హీట్‌లో గంటకి పదిహేను మైళ్ళ గాలి ఉంటే అరగంటలో చర్మం గడ్డకడుతుంది. కోటు సంగతి అడిగావుగా, ఈ లెక్క చూసి కొనుక్కో. వైపర్ ట్యాంకులో మామూలు నీళ్ళు పోసి మూడు డాలర్లు మిగిల్చిన మహానుభావుణ్ణి నేను. ట్యాంకు చీలిపోయింది.

ఎండాకాలం పర్వాలేదు, జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి కానీ పొద్దుగుంకదు. వాన ఏడాదంతా కలిపినా అనంతపురం అంత ఉండదు, అదీ ఎక్కువగా మే నుంచి ఆగస్టు లోపే. కానీ వడగళ్ళు! 2010లో సౌత్ డకోటాలో వివియన్‌లో పడిన ఒక్క గడ్డ దాదాపు 880 గ్రాములు. కారు ఇన్సూరెన్స్‌లో వడగళ్ళ భాగం తీసేసి డబ్బు మిగల్చకు. ఏప్రిల్ వచ్చింది కదా అని మంచు టైర్లు విప్పకు, 2022లో ఏప్రిల్ మధ్యలోనే మూడు రోజుల బ్లిజార్డ్, అంటే మంచు తుఫాను, వచ్చింది.

ఒంటరితనం అంటావా, డిసెంబరులో ఐదు కాకముందే చీకటి పడుతుంది, కాస్త దిగులుగానే ఉంటుంది. ఫార్గో గంటన్నర దూరం, మనవాళ్ళున్నారు. కానీ గ్యాస్ బిల్లు చూశాక దిగులు పడటానికి తీరికుండదు. మా ఇంట్లో దోసెల పిండి పొంగడానికి ఎంత వేడి పెట్టాలన్న దాని మీదే శీతాకాలమంతా గొడవ.

ఇప్పుడు ఊళ్ళో సొంత ఇల్లు, పైపు గ్యాస్, అప్పు లేదు. ఒక్క జీతంతో మొదలుపెట్టి ఇక్కడిదాకా వచ్చాం, మీరూ వస్తారు. అడ్వాన్స్ మాత్రం ఇంకా ఇవ్వకు. ఆ ఫర్నెస్ ఎన్నేళ్ళదో, పోయిన చలికాలం ఎన్ని గ్యాలన్లు కాలాయో ఇంటివాళ్ళని అడుగు. ట్యాంకు మూత ఎత్తి ముల్లు ఫోటో తీసి నాకు పంపు. శనివారం ఇంట్లోనే ఉంటాను, చూసి చెప్తాను.