అటక మీద దొరికిన ట్రంకు పెట్టె గురించి

చిక్కడపల్లి,
హైదరాబాద్.

చిరంజీవి బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మకి మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది. మందులు వేళకి వేసుకుంటోంది, నువ్వు టెన్షన్ పడకు.

పోయిన ఆదివారం ఫోన్లో నువ్వడిగిన దానికి అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. అటక మీంచి దించిన ట్రంకులో మన పాత ఇంద్రజాల్ కామిక్స్ బొమ్మల పుస్తకాల ఫోటోలు చూసి, "మామయ్యా, అవన్నీ ఇక్కడ అమెరికాకి తెప్పించుకుంటాను, లేని నంబర్లు ఆన్‌లైన్లో కొని సెట్టు పూర్తి చేస్తాను" అన్నావు. కాసేపాగి, "పిల్లలకి మన పాత టీవీ సీరియల్ స్టార్ ట్రెక్ పెడితే పది నిమిషాలకే లేచిపోయారు" అని చిన్నబుచ్చుకున్నావు. నాకు ఆ రెండూ ఒకే సంగతిలా అనిపించాయి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందుగా, ఆరు నెలల పాటు ఒక్క పుస్తకం కూడా కొనకు. ఇంద్రజాల్ కామిక్స్ 1964 మార్చిలో మొదలై 1990 దాకా వచ్చాయి. మొత్తం 800 పైచిలుకు సంచికలు. వాటి వెంట పడ్డావంటే నీ కళ్ళు బొమ్మల మీద ఆగవు, అట్ట మీది నంబరు దగ్గరే ఆగిపోతాయి. నాకు తెలిసిన ఒకాయన అలాగే బీరువా నిండా పోగేశాడు. ఏ పుస్తకం ఉందో, ఏది లేదో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. కథ అడిగితే మాత్రం తడుముకుంటాడు. మన ట్రంకులో 63 ఉన్నాయి, నేను లెక్కపెట్టాను. ప్రస్తుతానికి అవి చాలు.

నీకు గుర్తుందో లేదో, రెండో తరగతిలో ఉన్నప్పుడు ఇంద్రజాల్‌లో వచ్చే ముసుగు వీరుడు ఫాంటమ్ పుస్తకం ఒకటి ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నమంతా గడిపేసేదానివి. నీకు అప్పటికి ఇంగ్లీషు సరిగ్గా చదవడం రాదు. బొమ్మలే చదివేదానివి. పుర్రె గుహ ముందు కూర్చున్న ఆ ముసుగు మనిషి ఏమంటున్నాడో నువ్వే ఊహించి, నాకు తెలుగులో చెప్పేదానివి. ఇప్పుడు అదే పుస్తకం నాలుగు నిమిషాల్లో తిప్పేస్తావు, "అయ్యో, ఇంతేనా" అనుకుంటావు. ఆ నిరాశ రాకుండా ఉండాలంటే మళ్ళీ అంత నెమ్మదిగా చూడటం నేర్చుకోవాలి. ముప్పై ఏళ్ళు డ్రాయింగ్ మాస్టారుగా పిల్లలకి చెప్పింది ఇదే కాబట్టి, ఎలాగో నీకూ చెప్తాను.

తెల్ల కాగితం ముక్కలు కత్తిరించుకుని, మాటలుండే బెలూన్లన్నీ మూసెయ్. గమ్ము పెట్టకు, ఊరికే పైన ఉంచు. ఇప్పుడు పేజీ చూడు. ఎవరు గీశారో కనుక్కో. పుస్తకం మీద పేరు లేకపోతే గీతలోనే వెతకాలి. ఫాంటమ్‌ని లీ ఫాక్ అనే రచయిత 1936లో మొదలుపెట్టాడు. మొదట బొమ్మలు వేసింది రే మూర్. ఆయన బొమ్మల్లో నీడ ఎక్కువ, మనిషి సన్నగా, చీకట్లోంచి నడిచొచ్చినట్టు ఉంటాడు. తర్వాత విల్సన్ మెకాయ్. గీత మందం, ముఖాలు సాదా, వెనకాల అడవి అంటే నాలుగు ఆకులే. 1961 నుంచి 1994 దాకా సై బారీ. మన తరానికి కళ్ళు మూసుకుంటే కనపడే ఫాంటమ్ ఈయనదే. కండరాల మీద సిరా ఎంత పొదుపుగా వాడాడో చూడు, గుర్రం మెడ దగ్గర జూలు ఎలా విడదీశాడో చూడు. మెకాయ్ పుస్తకం ఒకటి, బారీది ఒకటి పక్కపక్కన పెట్టుకుని ఒక్క చెయ్యి బొమ్మ మాత్రం పోల్చి చూడు. పిడికిలి బిగించిన చెయ్యి. పావుగంట చాలు. ఆ తర్వాత ఏ పేజీ తెరిచినా ఇది ఫలానావాళ్ళ చెయ్యి అని నీకే తెలిసిపోతుంది. అలా మొదటిసారి గుర్తుపట్టిన రోజు, చిన్నప్పటి స్నేహితుణ్ణి రైల్లో వెనకనుంచి చూసి పోల్చుకున్నంత సంతోషం కలుగుతుంది.

ఇంకో సంగతి. ఆ కథలు అసలు పేపర్లో రోజుకో వరుస చొప్పున గీసినవి. పుస్తకం చేసేటప్పుడు ఆ గళ్ళని పేజీకి సరిపడా సర్దారు. కొన్నిచోట్ల బొమ్మ అంచు తెగినట్టు, ఇరుకైనట్టు కనిపిస్తే అది గీసినవాడి తప్పు కాదు.

ట్రంకు అడుగున చందమామలు కూడా ఉన్నాయి, ఫోటోలో పడలేదు. వాటిని కామిక్స్ అనమేమో గానీ, బొమ్మలు చదవడం మన తెలుగుపిల్లలకి నేర్పింది అవే. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్‌కి చిత్ర గారు వేసిన బొమ్మలు చూడు. కోటలు, నరమాంస భక్షకులు, రెక్కల పాములు, ఎవరూ చూడని దేశాలు. చిత్ర గారి అసలు పేరు టి.వి. రాఘవన్. నన్నడిగితే, రాకెట్లు లేని సైన్స్ ఫిక్షన్ అవి. శంకర్ గారు వేసిన విక్రమార్కుడి బొమ్మ నీకు తెలుసు, భుజాన శవం, చేతిలో కత్తి. ఆయన 2020లో, 96 ఏళ్ళ వయసులో పోయారు. ఆ వార్త చదివిన రోజు నేను అన్నం సరిగ్గా తినలేకపోయాను. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు సరేసరి. మూల చూడు, 'వపా' అని సంతకం ఉంటుంది. ఆయన రంగు గురించి మొదలుపెడితే ఈ ఉత్తరం పూర్తి కాదు.

చూసింది చాలనిపించినప్పుడు గీయి. అసలు పుస్తకం మీద బటర్ పేపర్ పెట్టి పెన్సిల్‌తో నొక్కకు, కింద గాడి పడుతుంది. జిరాక్సు తీసి దాని మీద పెట్టి గీయి. బాగా రావక్కర్లేదు. ఆ మలుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెయ్యికి తెలిస్తే చాలు.

పుస్తకాలు కాపాడుకోవడం గురించి కూడా చెప్పాలి. ఎందుకంటే నేను చేసిన పొరపాటు నువ్వు చెయ్యకూడదు. 1981లో నా దగ్గరున్న నలభై ఇంద్రజాల్ పుస్తకాలు చెదిరిపోకుండా ఉంటాయని ఒక బైండింగ్ షాపులో ఇచ్చాను. వారం తర్వాత రెండు లావుపాటి వాల్యూములు చేతికొచ్చాయి, ఎర్ర కాలికో గుడ్డ, బంగారు అక్షరాలు. ఎంతో మురిసిపోతూ తెరిచాను. అంచులు సమంగా రావాలని మూడు వైపులా కటింగ్ మిషన్లో కోసేశారు. కుడివైపు బెలూన్లలో చివరి అక్షరాలు లేవు. అట్టలు తీసి పారేశారు. అడిగితే, "అట్ట ఉంటే బైండింగ్ లావైపోతుంది సార్" అన్నాడు. ఆ పని అతనికి అలాగే నేర్పారు, నేనే ముందుగా చెప్పి ఉండాల్సింది. ఆ పారేసిన అట్టల్లో బి. గోవింద్ గారు రంగుల్లో వేసినవి కూడా ఉన్నాయని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ వాల్యూములు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి, తెరవబుద్ధి కాదు.

కాబట్టి బైండింగ్ వద్దు. లామినేషన్ అసలే వద్దు. చిరిగిన చోట సెల్లోటేపు వెయ్యకు, పదేళ్ళకి టేపు ఊడిపోతుంది, పసుపు మరక ఉండిపోతుంది. రబ్బరు బ్యాండు, పురికొస కూడా వద్దు. అది న్యూస్‌ప్రింట్, చవక కాగితం. దానిలో ఉన్న ఆమ్లమే దాన్ని తినేస్తుంది. వెలుతురు, వేడి, తేమ తగిలితే ఇంకా తొందరగా. మీ దగ్గర కామిక్స్ షాపుల్లో పాలీప్రొపిలీన్ కవర్లు, ఆమ్లం లేని అట్టముక్కలు దొరుకుతాయి. ఒక్కో పుస్తకం ఒక్కో కవర్లో పెట్టి, పెట్టెలో నిలబెట్టు. బేస్‌మెంట్లో పెట్టకు, పడగ్గది అల్మారాలో పెట్టుకో. మధ్య పిన్నులు తుప్పు పట్టి ఉంటే నువ్వు పీకకు. వేలితో తాకి చూడు, కాగితం గట్టిగా ఉంటే వదిలెయ్. పుస్తకం చెమ్మగా ఉంటే ఎండలో పెట్టకూడదు. ఫ్యాను కింద, పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి ఆరబెట్టాలి.

ఆరు నెలలయ్యాక కొనాలనిపిస్తే, చిన్నప్పుడు చదివి, పోగొట్టుకుని, కథ సగం గుర్తుండి బాధపెడుతున్న పుస్తకం ఒకటి ఎంచుకుని అదే కొను. అమ్మేవాళ్ళని మధ్య పేజీ ఫోటో, వెనక అట్ట ఫోటో అడుగు. చాలా పుస్తకాల్లో మధ్య పేజీలు రెండూ ఊడిపోయి ఉంటాయి. లేదా వచ్చే శీతాకాలం వచ్చినప్పుడు ఆదివారం పొద్దున్నే అబిడ్స్ ఫుట్‌పాత్ మీదికి వెళ్దాం. ఇప్పుడు కామిక్స్ తక్కువే వస్తున్నాయి గానీ, గోనెపట్టా మీద బోర్లా పడున్న కుప్పలో చెయ్యిపెట్టి తియ్యడం ఫోన్లో కొనడం లాంటిది కాదు.

ఇక స్టార్ ట్రెక్. పిల్లలు లేచిపోయారంటే తప్పు వాళ్ళది కాదు, నువ్వు మొదటి ఎపిసోడ్ నుంచి వరసగా పెట్టి ఉంటావు. అది 1966 నుంచి 1969 దాకా వచ్చిన అంతరిక్ష ఓడ సీరియల్, 79 ఎపిసోడ్లు. అన్నీ బాగుండవు, నాకెంత ఇష్టమైనా ఆ మాట ఒప్పుకోవాలి. 'ది డెవిల్ ఇన్ ది డార్క్' ఒక్కటే పెట్టు. గనిలో పనివాళ్ళని చంపుతున్న రాతి జంతువు కథ. దాన్ని చూడగానే పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. రబ్బరు తొడుగు వేసుకుని ఒక మనిషి నేలమీద పాకుతున్నాడని ఎవరికైనా తెలుస్తుంది. తర్వాత ఓడలోని అధికారి స్పాక్ దాని మీద చెయ్యి పెట్టి, దాని నొప్పి తనలోకి తెచ్చుకుని అరుస్తాడు. అది తన గుడ్లని కాపాడుకుంటున్న తల్లి అని అప్పుడు తెలుస్తుంది. గనివాళ్ళు తవ్వకాల్లో తెలియక పగలగొట్టిన గుండ్రటి రాళ్ళే ఆ గుడ్లు. ఎనభైల్లో ఆదివారం పొద్దున దూరదర్శన్లో మనం స్టార్ ట్రెక్ చూసేవాళ్ళం, షట్టర్ ఉన్న మన నలుపు తెలుపు టీవీలో. అది చూసిన రోజు నువ్వు మీ అమ్మ కొంగు పట్టుకుని వదల్లేదు.

చూశాక వాళ్ళకి ఆ చేతిపని గురించి చెప్పు, పిల్లలు అక్కడ దొరికిపోతారు. ప్రతి వారం ఓడని గ్రహం మీద దించినట్టు చూపించడానికి డబ్బు లేక, మనుషులు మెరుపులా మాయమై కిందకి చేరే యంత్రం కనిపెట్టారు. ఆ మెరుపు అల్యూమినియం పొడి వెలుతురులో రాలుతుంటే తీసింది. వాటంతటవే తెరుచుకునే తలుపుల్ని గోడ వెనకనుంచి మనుషులు లాగేవారు. ఆ ఓడలోని డాక్టర్ మెకాయ్ రోగి మీద తిప్పే పరికరం నిజానికి ఉప్పు సీసా. మీరుండేది వర్జీనియాలోనే కదా, వాషింగ్టన్ స్మిత్సోనియన్ వారి ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో ఆ సీరియల్ ఓడ ఎంటర్‌ప్రైజ్ అసలు మోడల్ ఉంది, 11 అడుగుల పొడవు. ప్రదర్శనలో ఉందో లేదో కనుక్కుని వెళ్ళు. దానికి ఎడమవైపు కుడివైపంత పని ఉండదు, లోపలి దీపాలకి వైర్లు ఆ పక్కనుంచే వెళ్ళేవి. కెమెరా చూసే వైపే సింగారించారు. పిల్లల్ని ముందు కుడివైపు నిలబెట్టి, తర్వాత ఎడమవైపు తిప్పి, తేడా వాళ్ళనే కనుక్కోమను.

పెద్దవాడికి మార్వెల్ సినిమాలంటే ఇష్టమన్నావు. వాడికి జాక్ కర్బీ గీసిన మార్వెల్ కామిక్ ఫెంటాస్టిక్ ఫోర్ పాత పుస్తకం ఒకటి లైబ్రరీనుంచి తెచ్చిపెట్టు. 1961లో మొదలైంది. అంతరిక్షంలో శక్తి పేలుతున్నట్టు చూపించడానికి ఆయన నల్లటి చుక్కలు గుంపులుగా వేసేవాడు. వాడు రోజూ చూసే సినిమాల్లో మెరిసేదంతా ఒకప్పుడు ఈ చుక్కలే అని చెప్పు. మిగతాది వాడే చూసుకుంటాడు.

ఆఖరుగా ఒక పని చెప్తాను, ఇది మాత్రం వాయిదా వెయ్యకు. ఇంగ్లండులో డాక్టర్ హూ అని 1963లో మొదలైన సీరియల్ ఉంది. అప్పట్లో టేపులు ఖరీదు, మళ్ళీ వేసే ఆలోచన లేదు, అందుకని పాత ఎపిసోడ్లు చెరిపేశారు. అరవైల నాటివి 90కి పైగా అలా పోయాయి. బొమ్మ పోయింది గానీ మాట మిగిలింది. ఎందుకంటే కొంతమంది అభిమానులు ఇంట్లో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టుకుని రికార్డు చేసుకున్నారు. పోయిన ప్రతి ఎపిసోడ్‌కీ శబ్దం అలా దొరికింది. 2013లో నైజీరియాలో ఒక టీవీ స్టేషన్ గదిలోనుంచి 9 ఎపిసోడ్లు బయటపడ్డాయని చదివి నేను రాత్రంతా నిద్రపోలేదు.

మీ అమ్మకి ఆ ట్రంకులో ప్రతి పుస్తకం ఎలా వచ్చిందో తెలుసు. ఏది అద్దె లైబ్రరీ వాడు షాపు మూసేస్తూ ఇచ్చాడు, ఏది మీ నాన్న రైల్వే స్టేషన్లో కొన్నాడు, ఏ అట్ట మీద పాలు ఒలికాయి. నాకు సగమే తెలుసు. ఈ ఆదివారం వీడియో కాల్ చెయ్యి, రికార్డింగ్ ఆన్ చేసి పెట్టు. నేను పక్కన కూర్చుని ఒక్కో పుస్తకం తీసి చూపిస్తాను, ఆవిడ చెప్తుంది. మధ్యలో ఆపకు, తప్పు చెప్పినా సరిచెయ్యకు. 63 పుస్తకాలు ఒక్క రోజులో అవ్వవు, నాలుగైదు ఆదివారాలు పడుతుంది.

వచ్చే నెల మన పక్కింటివాళ్ళ అబ్బాయి మీ వైపు వస్తున్నాడు. నాలుగు పుస్తకాలు కవర్లో పెట్టి, రెండు అట్టల మధ్య ఉంచి, చేతిసంచిలోనే తీసుకెళ్ళమని చెప్పాను. ఒకటి మెకాయ్‌ది, రెండు బారీవి, ఒక చందమామ. పాలు ఒలికిన పుస్తకం పంపడం లేదు. అది మీ అమ్మ దిండు కింద ఉంది.

ఉంటాను.

మీ మామయ్య