స్వర సందేహాలు: పలు దేశాల వాద్యాలు, ఒకే బృందం

చదువు కోసమో ఉద్యోగం కోసమో హైదరాబాద్ వచ్చిన విదేశీయులూ, మన యువతీ యువకులూ కలిసి ఫ్యూజన్ బృందాలు పెట్టుకోవడం ఇప్పుడు తరచుగా కనిపిస్తోంది. ఈ నెల అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం అటువంటి బృందాల నుంచే వచ్చాయి కనుక శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నమస్కారమండీ. మాది ఆరుగురి బృందం. నాది కర్ణాటక గాత్రం, శ్రుతి ఐదున్నర. మృదంగం, ఘటం, గిటార్, కీబోర్డు ఉన్నాయి. ఉస్మానియాలో చదువుతున్న సూడాన్ విద్యార్థి ఒకరు ఊద్ అనే అరబ్ తీగవాద్యం వాయిస్తారు. విడివిడిగా అందరమూ బాగానే వాయిస్తాము గానీ కలిసినప్పుడు ఏదో పొసగడం లేదు. ముఖ్యంగా నేను గాంధారం (గ) మీద నిలిచినప్పుడు కీబోర్డు నాతో తగవు పడుతున్నట్టు ఉంటుంది. లోపం నాదా, కీబోర్డు మిత్రుడిదా?
– ఒక గాయని, తార్నాక

జవాబు: మీ ఇద్దరిలో ఎవరిదీ కాదు. మీ ఉత్తరంలో ఆధార శ్రుతి చిక్కు ఒకటి, గాంధారం చిక్కు ఒకటి కలగలిసి ఉన్నాయి.

కచేరీలో గాత్రం శ్రుతిని బట్టి పక్కవాద్యాలు సర్దుకోవడం మన ఆనవాయితీ. ఫ్యూజన్ బృందంలో ఆ ఆనవాయితీని పట్టుకుని కూర్చోకూడదని నా నిశ్చితాభిప్రాయం. ఇక్కడ మొదట తేల్చుకోవలసినది, ఏ వాద్యం కదలలేదు అన్న సంగతి. మీ ఆరుగురిలో అన్నిటికన్నా మొండిది ఘటం. ఆ కుండ ఏ శ్రుతిలో కాలి వచ్చిందో దాదాపుగా ఆ శ్రుతిలోనే ఉండిపోతుంది. దాని తరవాతది ఊద్. దానికి మెట్లు లేవు కనుక గమకాలు (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) చక్కగా పలుకుతాయి, కానీ దాని నిండుదనమంతా విడి తీగలలో ఉంటుంది; అరబ్ పద్ధతిలో వాటిని సాధారణంగా సి, డి, జి వంటి స్వరాలకు కడతారు. మీ ఐదున్నర అంటే జి షార్ప్. ఆ శ్రుతిలో ఊద్‌కు ఆధారంగా మోగే విడి తీగ ఒక్కటీ దొరకదు, తీగలన్నిటినీ అరస్వరం పైకి బిగిస్తే తెగిపోయే ప్రమాదం ఉంది. గిటార్ వాయించేవారు మొదటి మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే బిగింపు) బిగించి గట్టెక్కగలరు. మృదంగాన్ని రాయీ కర్రముక్కా పెట్టి కొట్టి అరస్వరం దించుకోవచ్చు. మీ గొంతు ఐదున్నర నుంచి ఐదుకు, అంటే జికి, దిగడం వీటన్నిటికన్నా తేలిక. కాబట్టి దిగవలసినది మీరే. ఐదు శ్రుతికి పలికే ఘటాన్ని ఒకదాన్ని ఎంచి తెచ్చుకోండి.

ఇక గాంధారం. తంబురా మీటి చెవి ఒగ్గి వింటే మంద్ర షడ్జం తీగలో నుంచి అంతర గాంధారం దానంతట అదే వినిపిస్తుంది. సాధన చేసిన గాయకులు తమకు తెలియకుండానే ఆ గాంధారానికి గొంతు కలుపుతారు. కీబోర్డులో స్థాయిని పన్నెండు సమభాగాలు చేశారు కనుక, అరస్వరానికి 100 సెంట్ల చొప్పున దాని గాంధారం 400 సెంట్ల దగ్గర పడుతుంది; తంబురాలో పుట్టేది సుమారు 386 దగ్గర ఉంటుంది. వేగంగా దాటిపోయే సంగతులలో ఆ 14 సెంట్ల తేడా ఎవరికీ పట్టదు గానీ, మీరు గాంధారం మీద నిలిచినప్పుడు రెండు నాదాలూ కొట్టుకుని అలలు అలలుగా వినిపిస్తాయి. మీరు విన్న తగవు అదే. మీరు నిలిచే చోట్ల కీబోర్డు మిత్రుడు గాంధారాన్ని వదిలి షడ్జ పంచమాలు (స, ప) మాత్రమే పట్టుకుంటే చాలు, సగం బాధ తీరుతుంది. కొన్ని కీబోర్డులలో ఒక్కొక్క స్వరాన్నీ సెంట్లలో దించుకునే సదుపాయం ఉంటుంది, దాన్నీ వాడుకోవచ్చు. ఊద్ మిత్రుడు రాస్త్ వంటి మకామ్ (అరబ్బుల రాగం వంటిది) ఎత్తుకున్నప్పుడు మాత్రం కీబోర్డు పూర్తిగా ఊరుకోవడమే మేలు; ఆ గాంధారం మన సాధారణ (కింది) గాంధారానికీ అంతర (పై) గాంధారానికీ నడుమ ఎక్కడో ఉంటుంది.

రాగాల ఎంపికలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. తోడి రాగంలో గాంధారం కదులుతూనే ఉంటుంది, దాని కింద కార్డు (ఒకేసారి మోగించే స్వరాల గుంపు) పరిస్తే కదిలే స్వరాన్ని మేకు వేసి బిగించినట్టు అవుతుంది. శంకరాభరణం, కీరవాణి, మోహనం కార్డులను ఎంతో ఉదారంగా రానిస్తాయి. మీకు ఊద్ ఉంది కనుక మాయామాళవగౌళతో మొదలుపెట్టండి. మన పిల్లలు సరళీ స్వరాలు నేర్చుకునే ఆ స్వరస్థానాలే అరబ్ సంగీతంలో హిజాజ్ కార్ అనే మకామ్‌లో ఉన్నాయి. నడక వేరు, మెట్లు ఒకటే. మీరు ఒక ఆవర్తనం పాడి, ఆయన ఒక ఆవర్తనం వాయిస్తే ఆ తేడాయే శ్రోతకు ఆనందం.

ఇటువంటి సర్దుబాటు మన సంప్రదాయానికి కొత్తదేమీ కాదు. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బ్యాండు వరసలకు సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు చేశారు. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగలుగా ఎనిమిది ఉండే వాద్యాన్ని ఐదు విడి తీగల విద్యుత్ మాండలిన్‌గా మార్చుకుని గమకాన్ని సాధించారు. శక్తి అనే ఫ్యూజన్ బృందంలో గిటార్ విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ మెట్ల మధ్య చెక్కను గుల్లగా తొలిపించిన గిటార్ చేయించుకున్నది కూడా తీగను లాగి గమకం పలికించడానికే. రాగాన్ని వాద్యానికి తగ్గట్టు కుదించకుండా వాద్యాన్నే మార్చుకున్న ఆ పట్టుదల మీద నాకు అపారమైన గౌరవం.

ప్రశ్న: నేను డ్రమ్స్ వాయిస్తాను, చర్చి గాయక బృందంలో పెరిగాను. కర్ణాటక మిత్రులతో వాయించేటప్పుడు పాట ఎత్తుగడ ఎక్కడో తెలియక తడబడుతున్నాను, ముక్తాయింపుల్లో (లెక్కగా వాయించి ముగించే జతుల్లో) పూర్తిగా తప్పిపోతున్నాను. మర్ఫా డోళ్లు వాయించే ఇద్దరిని చేర్చుకోవాలన్న ఆలోచన కూడా ఉంది. మీ సలహా ఏమిటి?
– డ్రమ్స్ వాద్యకారుడు, సైనిక్‌పురి

జవాబు: మీరు పెరిగిన పద్ధతిలో పాట సాధారణంగా మొదటి దెబ్బకో, దానికి కొంచెం ముందో మొదలవుతుంది. మన కృతులలో చాలా వాటికి ఎడుపు (పాట ఎత్తుకునే చోటు) సమం (తాళం మొదటి దెబ్బ) దాటాక వస్తుంది, అర అక్షరం తరవాత కావచ్చు, ఒకటిన్నర తరవాత కావచ్చు. ముక్తాయింపు సమానికి కాక ఆ ఎడుపుకు వచ్చి ముగియాలి. కాగితం మీద ఒకసారి లెక్క వేస్తే భయం పోతుంది. ఆది తాళంలో అక్షరానికి నాలుగు మాత్రల చొప్పున ఆవర్తనానికి 32 మాత్రలు. ‘తదిగిణతొం’ ఐదు మాత్రలు. దాన్ని మూడుసార్లు, నడుమ రెండేసి మాత్రల విరామంతో వాయిస్తే మొత్తం 19. పాట సమం మీద ఎత్తుకునేదైతే 13 మాత్రలు వదిలి మొదలుపెట్టాలి. అర అక్షరం ఎడుపైతే 15 వదలాలి. డ్రమ్స్ ముట్టుకోకముందు చేత్తో తాళం వేస్తూ ఈ జతిని నోటితో చెప్పండి. గిటార్, కీబోర్డు వాయించేవారు కూడా మీతో పాటు చెప్పాలి. ఇది ఒక్క లయవాద్యకారుడి బాధ్యత అనుకునే బృందాలు వేదిక మీద చెల్లాచెదురు కావడం ఖాయం.

మర్ఫా ఆలోచనను మనసారా హర్షిస్తున్నాను. నిజాముల కొలువుకు వచ్చిన సిద్దీలూ, యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు అరబ్బులూ ఈ నగరానికి తెచ్చిన వాద్యమది. ఏసీ గార్డ్స్ పేటకు ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ దళం వల్లనే వచ్చింది. పెళ్లి ఊరేగింపులలో తీన్మార్ దరువుకు అడుగు వేయని హైదరాబాదీ అరుదు. అయితే అది వీధి కోసం పుట్టిన నాదం. హాలులో వారికి మైకు పెట్టకండి, వేదిక వెనక వరుసలో నిలబెట్టండి, ఒక పాటలో రెండు మూడు చోట్ల మాత్రమే వాయించమని కోరండి. మరొక సంగతి: వారి లయ పుస్తకంలో లేదు, చేతిలో ఉంది. మీ జతులు వారికి నేర్పాలని తొందరపడేకన్నా వారి నడకను మీరు నేర్చుకుని, దాని మీద పాట కట్టండి.

ప్రశ్న: అపార్ట్‌మెంటులో రిహార్సల్ చేస్తే ఇరుగుపొరుగు వారు అభ్యంతరం చెబుతున్నారు. చట్టం ఏమంటుంది?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి, రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. డ్రమ్స్ మోగితే ఈ అంకెలు పగలే దాటిపోతాయి కనుక అభ్యంతరం న్యాయమైనదే. ఇంట్లో కహోన్ (పెట్టె ఆకారపు చేతి వాద్యం)తో సరిపెట్టుకోండి, బేస్ ఆంప్లిఫయర్‌ను నేల మీద కాక మందపాటి ఫోమ్ మీద ఉంచండి. కింది ఇంటికి చేరేది ఎక్కువగా శ్లాబ్ గుండా పాకే ఆ అదురే. పూర్తి రిహార్సల్‌కు గంటల లెక్కన స్టూడియో తీసుకోక తప్పదు.

ప్రశ్న: స్టూడియోలో మమ్మల్ని ఒక్కొక్కరిని విడిగా, క్లిక్ (హెడ్‌ఫోన్లో లయ చూపే టిక్కు శబ్దం) వింటూ వాయించమన్నారు. రికార్డింగ్ శుభ్రంగా వచ్చింది గానీ పాటలో ప్రాణం లేదు. వేదిక మీద వచ్చే ఉత్సాహం అందులో ఎలా వస్తుంది?
– వయొలిన్ విద్యార్థిని, మారేడ్‌పల్లి

జవాబు: క్లిక్‌ను శత్రువుగా చూడనక్కరలేదు, దానికి హద్దు గీస్తే చాలు. అన్నిటికన్నా ముందు తంబురాను రికార్డు చేయించి అందరి హెడ్‌ఫోన్లలోకి పంపండి. ఆ తరవాత చేర్చే ప్రతి వాద్యానికీ అదే ఆధారం. ఆలాపన క్లిక్ లేకుండా సాగాలి. పల్లవి ఎత్తుకోబోయే ముందు గాయని తల ఊపితే ఇంజినీరు అక్కడ నుంచి క్లిక్ మొదలుపెడతారు. గాత్రం, వయొలిన్, మృదంగం ఒకరికొకరు కనిపించేలా ఒకే సమయంలో వాయించండి, వీలైతే మృదంగాన్ని గాజు తలుపు వెనక కూర్చోబెట్టండి. ఒకరి నాదం మరొకరి మైకులో పడితే తరవాత ఒక్కరి తప్పును విడిగా దిద్దడం సాధ్యం కాదు. గిటార్, కీబోర్డు, డ్రమ్స్ ఆ తరవాత వచ్చి కలవవచ్చు. మనోధర్మం (అప్పటికప్పుడు కల్పించి పాడడం, వాయించడం) ఉన్నవారు ముందు, కట్టిన భాగం వాయించేవారు వెనక అన్నది నేను నమ్మే వరస. సాధారణంగా డ్రమ్స్‌తో మొదలుపెట్టే స్టూడియోకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది, ముందుగానే మాట్లాడుకోండి.

మీరు వేదిక ప్రస్తావన తెచ్చారు కనుక ఒక మాట. కర్ణాటక కళాకారులు కూర్చుంటారు, గిటార్, డ్రమ్స్ వారు ఎత్తులో ఉంటారు, దాంతో ఒకరి కళ్లు ఒకరికి అందవు. కూర్చునేవారికి రెండడుగుల ఎత్తు బల్ల అడగండి. ఎడుపుకు వచ్చే సైగ కంటితోనే అందుతుంది, ఏ మానిటర్ స్పీకరూ దాన్ని వినిపించలేదు.

ప్రశ్న: అన్నమయ్య కీర్తనను మా పద్ధతిలో విడుదల చేయాలనుకుంటున్నాము. ఐదు వందల ఏళ్ల నాటి పాటకు ఎవరి అనుమతైనా కావాలా?
– ఒక బృందం, కొండాపూర్

జవాబు: సాహిత్యానికి అవసరం లేదు, వరసకు కావలసి రావచ్చు. అన్నమయ్య 1503లో పరమపదించారు. తిరుమల రాగిరేకుల మీద రాగం పేరు, సాహిత్యం మిగిలాయి గానీ స్వరం రాసి లేదు. నేడు మనం పాడుకునే వరసలలో అనేకం ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం స్వరకర్త మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అన్నమయ్య కీర్తనలకు వరసలు కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో కన్నుమూశారు. ఆ లెక్కన ఆయన వరసలకు 2039 చివరి వరకు రక్షణ ఉంది. మీరు ఎంచుకున్న వరస ఎవరిదో తెలుసుకుని హక్కుదారుకు రాయండి, లేదా రాగిరేకు మీద ఉన్న రాగంలోనే మీ వరస మీరు కట్టుకోండి. నా ఓటు రెండోదానికి. కట్టిన రోజునే వరస ఎవరిది, జతులు ఎవరివి, గిటార్ భాగం ఎవరిది అన్నది కాగితం మీద రాసి, విదేశీ మిత్రులతో సహా అందరూ సంతకాలు చేయండి. చదువు పూర్తయి వారు స్వదేశం వెళ్లిన తరవాత రాయల్టీ వాటా తేల్చడం చాలా కష్టం.