ఎలుక గుండెకి ఎకో తీయబోతున్న మా అమ్మాయికి

చిట్టితల్లీ,

పీహెచ్‌డీలో నీకిచ్చిన పని ఎలుకల గుండె వాల్వులకి ఎకో తీయడమని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషంతో కాసేపు నోట మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. తిరుపతిలో వెటర్నరీ చదివిన దగ్గర్నుంచి రిటైరయ్యేదాకా అలాంటి గదుల్లోనే గడిపినదాన్ని కదా, ఎక్కడెక్కడ కాలు జారుతుందో నాకు తెలుసు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రాకుండా ఒక్క ఎలుకని కూడా ముట్టుకోకు. జెల్ గోరువెచ్చగా ఉండాలి. వెంట్రుకలు తీసే క్రీమ్ ఎక్కువసేపు ఉంచితే చర్మం కాలిపోతుంది. మత్తులో ఉన్న ఎలుక కళ్లు మూయదు, ఆయింట్‌మెంట్ రాయి. ఎకో తీసే పరికరం, అదే ప్రోబు, ఛాతీ మీద ఒత్తకు. నువ్వు ఒత్తిన కొద్దీ గుండె నెమ్మదిస్తుంది.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. మెలకువగా ఉన్న ఎలుక గుండె నిమిషానికి 600 సార్లు అటూఇటూగా కొట్టుకుంటుంది. ఐసోఫ్లూరేన్ మత్తు తగుమాత్రంగా ఇస్తే 450, 500 దగ్గర నిలబడుతుంది. మత్తు కాస్త ఎక్కువైనా, ఒళ్లు చల్లబడినా 400 కిందికి జారిపోతుంది. అయినా తెర మీద బొమ్మ అందంగానే ఉంటుంది. నెమ్మదిగా కొట్టుకునే గుండెని కొలవడం తేలిక కాబట్టి ఇంకా అందంగా ఉంటుంది కూడా. అక్కడే మోసపోతాం.

నేను పనిచేసిన ఒక ల్యాబ్‌లో అదే జరిగింది. రక్తంలో కొవ్వుని తొలగించడానికి సాయపడే ఏపీఓఈ జన్యువు లేని ఎలుకలకి కొవ్వు మేత పెట్టి, గుండెలోంచి ఒంటికి రక్తం పోయే దారిలోని అయోర్టిక్ వాల్వు గట్టిపడ్డాక సగం వాటికి ఒక మందు ఇచ్చారు. ఎకో తీసే కుర్రాడు చాలా బుద్ధిమంతుడు, చెయ్యి కూడా మంచిది. మందివ్వని ఎలుకలన్నిటికీ పొద్దున్నే తీశాడు. మందు పడినవాటి వంతు సాయంత్రం వచ్చింది. క్రీమ్ తుడిచిన తడి ఒంటితో అవి ఏసీ గదిలో వరసగా ఎదురుచూశాయి. వెచ్చబరిచే ప్లేటు మీదికి చేరేసరికే వణుకు కూడా ఆగిపోయి ఉంది.

ఫలితాలు చూసి అందరూ ఎగిరి గంతేశారు. మందు పడిన ఎలుకల్లో వాల్వు గుండా రక్తం దూకే వేగం బాగా తగ్గింది. ఆ వేగాన్ని వర్గం చేసి నాలుగుతో గుణిస్తేనే కదా వాల్వుకి అటూఇటూ ఉన్న ఒత్తిడి తేడా వచ్చేది. సెకనుకు 3 మీటర్లుంటే 36 మిల్లీమీటర్ల పాదరసం, రెండుకి పడితే 16. వేగంలో చిన్న తేడా వచ్చినా కాగితం మీద కొండంత కనిపిస్తుంది. మందు పనిచేసిందని రాసేయడానికి సిద్ధమయ్యారు.

నేను ఈసీజీ గీతలు అడిగాను. పొద్దున తీసినవన్నీ 480, 500. సాయంత్రానివి 380, 360. గుండె నీరసంగా కొట్టుకుంటే వాల్వులోంచి పోయే రక్తం తగ్గుతుంది, వేగమూ తగ్గుతుంది. వాల్వు ఎలా ఉన్నది అలాగే ఉంది. ఒళ్లు 37 డిగ్రీల దగ్గర ఉంచి, రెండు గుంపుల్నీ కలిపి, ఏది ఏ గుంపుదో తెలియకుండా మళ్లీ తీస్తే తేడా మాయమైంది. చివర్లో వాల్వులు కోసి రంగు వేసి చూస్తే సున్నం రెండింట్లోనూ ఒకేలా పేరుకుని ఉంది. ఆ కుర్రాడు ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. పక్కన కూర్చుని, నిన్ను ఎవరూ తప్పుపట్టట్లేదురా అని చెప్పాను. నిజంగానే ఆ రోజు వాడి వెనక నిలబడి ఏది ముందు, ఏది వెనక అని అడిగినవాళ్లు ఎవరూ లేరు.

అందుకే తల్లీ, వేగం రాసుకునే ప్రతి గడి పక్కన గుండె వేగం, ఒంటి వేడి రాసుకో. అవి లేని నంబరుని నమ్మకు, మీ గైడు నమ్మమన్నా సరే. వేగం ఒక్కటే చూసి ఊరుకోకు. వాల్వు రెక్కలు ఎంత విచ్చుకుంటున్నాయో, ఒంటికి రక్తం తోసే గది, ఎడమ జఠరిక, ఎంత బలంగా ముడుచుకుంటోందో కూడా చూడు. వాల్వు బిగుసుకుని గుండె అలిసిపోయినప్పుడు కూడా వేగం పడిపోతుంది. అది నయమవడం కాదు, ముదిరిపోవడం. మనుషుల్లోనూ అంతే. రక్తం వేగం కొలిచే డాప్లర్ గీత రక్తం దూకే దారికి వంకరగా పడినా వేగం తక్కువే చూపిస్తుంది. 60 డిగ్రీల వంకర ఉంటే సగానికి సగం పోతుంది. ఆవగింజంత వాల్వు అది, 40 మెగాహెర్ట్జ్ ప్రోబుతో కూడా కోణం కోసం ఓపిగ్గా వెతకాల్సిందే.

నువ్వీ పనిలోకి ఎందుకొచ్చావో నాకు తెలుసు. అమ్మమ్మ మెట్లెక్కలేక మధ్యలో కూర్చుండిపోవడం, రాత్రిళ్లు దిళ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకోవడం నువ్వూ చూశావు. ఆమెకి చెడింది గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు, చిన్నప్పుడు గొంతునొప్పితో వచ్చిన రుమాటిక్ జబ్బు. మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేయించడానికి తీసుకెళ్లింది నేనే. కానీ నీ ఎలుకలది కొవ్వుతో వచ్చే జబ్బు, అమ్మమ్మది కాదు. రుమాటిక్ జబ్బు చూడాలంటే స్ట్రెప్టోకాకస్ ప్రోటీన్ ఇచ్చిన లూయిస్ జాతి పెద్ద ఎలుకలు కావాలి. ఎలుక వాల్వు రెక్కలో మనిషికున్నట్టు స్పష్టమైన మూడు పొరలు కూడా ఉండవు. ఆ మాట నీ థీసిస్ మొదట్లోనే ఒప్పుకుని రాయి. మనవాళ్లు ఎవరైనా అడిగితే, అమ్మమ్మ జబ్బుకి మందు కనిపెడుతున్నానని మాత్రం చెప్పకు.

ఒకే ఎలుకని చంపకుండా వారాల తరబడి చూడగలగడం ఎకో ఇచ్చిన గొప్ప వరం. దాన్ని కాపాడుకో. పని అయ్యాక వెచ్చటి ప్లేటు మీదే ఉంచి, అది లేచి నాలుగడుగులు వేశాకే పంజరంలో పెట్టు. ఆలస్యమైతే కానీ. హాస్టల్లో ఆ వేళకి అన్నం ఉండదని మీ అమ్మ బెంగపడుతోంది, నేను పంపిన కందిపొడి, నెయ్యి గదిలో ఉంచుకో.

మొదటి వారం తీసినవి నాకు పంపు. ఫొటోలు వద్దు, కింద ఈసీజీ గీత కనిపించే వీడియోలు కావాలి.

మీ పెద్దమ్మ