దోహా కాగితం చదివావా?

అమ్మా,

నీ వ్యాసం చేరింది. నా మనవరాలి వయసు ఉంటుంది నీకు, అందుకని ‘మీరు’ అనలేను. "అమెరికా: పది మలుపులు" అని పేరు పెట్టావు. పదింటిలో ఏడింటి చివర "ఆ రోజుతో ప్రపంచం మారిపోయింది" అని రాశావు. అన్నిసార్లు మారిపోయే ప్రపంచమైతే దాని మీద వ్యాసం దేనికి, క్యాలెండర్ సరిపోతుంది. భాష మాత్రం బాగుంది. ఆ ముక్క ఇక్కడితో చాలు.

నాకు ఒళ్లు మండింది నీ పదో మలుపు దగ్గర. కాబూల్, 2021 ఆగస్టు 15. కదిలిపోతున్న సైనిక విమానం, దాని చక్రాల పక్కన పరుగెత్తే జనం, ఇరవై ఏళ్ల యుద్ధానికి ముగింపు అంటూ ఒకటిన్నర పేజీ పోశావు. ముందు చిన్న సంగతి చెబుతాను. ఆ విమానం దృశ్యం 16వ తేదీది. 15న తాలిబన్లు ఊళ్లోకి వచ్చారు, అఫ్ఘాన్ అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ దేశం వదిలిపోయాడు. రన్‌వే మీద జనం ఎగబడింది మర్నాడు. పెద్ద సంగతేమిటంటే, ఆ రెండు రోజుల్లోనూ మలుపేమీ లేదు. అప్పటికి ఏడాదిన్నర కిందటే అది తిరిగిపోయింది. 2020 ఫిబ్రవరి 29న, ఖతార్ రాజధాని దోహాలో, అమెరికా తాలిబన్లతో ఒప్పందం రాసుకున్నప్పుడు.

ఆ ఒప్పందం చదివావా? చదవలేదని నీ పేరానే చెబుతోంది. నాలుగు పేజీలకు మించదు. పైన మన పంచాంగంలో వేసినట్టు మూడు లెక్కల్లో తేదీ ఉంటుంది: ఇంగ్లీషు తేదీ, హిజ్రీ చాంద్రమానం ప్రకారం రజబ్ 5, 1441, సౌరమానం ప్రకారం హూత్ 10, 1398. తాలిబన్ల పేరు వచ్చిన చోటల్లా అమెరికావాళ్లు ఒక తోక తగిలించారు. అమెరికా రాజ్యంగా గుర్తించని, తాలిబన్‌గా తెలిసిన ఇస్లామిక్ ఎమిరేట్ అని. గుర్తించం గుర్తించం అంటూనే పేజీ పేజీకీ వాళ్లతోనే రాసుకున్న కాగితమది. 14 నెలల్లో విదేశీ సేనలన్నీ వెళ్లిపోవాలి. మొదటి 135 రోజుల్లో అమెరికా సైనికుల సంఖ్య 8,600కి దిగాలి. మార్చి 10 లోగా 5,000 మంది దాకా తాలిబన్ ఖైదీలు బయటికి రావాలి. ఆ ఖైదీలున్నది కాబూల్ ప్రభుత్వం జైళ్లలో. ఆ ప్రభుత్వం మాత్రం ఒప్పందంలో లేదు. సంతకాలు అమెరికా తరఫున దూత ఖలీల్జాద్‌వి, అటు తాలిబన్ నేత ముల్లా బరాదర్‌వి. మర్నాడే ఘనీ, అలా వదులుతానని నేనెవరికీ మాట ఇవ్వలేదన్నాడు. ఆగస్టు వచ్చేసరికి పెద్దలందరినీ పిలిచి లోయా జిర్గా పెట్టించి, మిగిలిన 400 మందినీ వదలడానికి ఒప్పుకున్నాడు.

ఇంక ఆ ప్రభుత్వంలో ఏం మిగిలిందని? ఒక రాజ్యం తన జైలు తాళాలు తన చేతిలో లేవని ఊరందరికీ తెలిసేలా ఒప్పుకున్నాక, దాని సిపాయి ఎవరి కోసం నిలబడతాడు? నీ ఒకటిన్నర పేజీలో దోహా మాట ఒక్కసారి వచ్చింది, అదీ బ్రాకెట్‌లో.

మలుపు ఎక్కడుందో కనుక్కోవడానికి నా దగ్గర ఒక్కటే ప్రశ్న ఉంది. నలభై ఏళ్లుగా అందరి చెవుల్లోనూ ఊదుతున్నాను, నువ్వూ విను. ఇక్కడ సరేనని చెయ్యి ఎత్తకుండా ఉండగలిగినవాళ్లు ఎవరు? ఎవరైనా ఎత్తకుండా కూర్చున్నారా? దీనికి జవాబు దొరికితే అది మలుపు. దొరకకపోతే అది ఘటన, ఎంత ఘోరమైనదైనా సరే. ఘటనల మీద రాయడానికి టీవీవాళ్లు చాలు.

సెప్టెంబర్ 11 గురించి రాసేవాళ్లందరూ నీలాకాశంతో మొదలుపెడతారు. నువ్వూ అంతే. నా మటుకు నాకు మలుపు 11న కాదు, 14న ఉంది. ఆ శుక్రవారం అమెరికా కాంగ్రెస్ అధ్యక్షుడికి సైనిక బలం వాడుకునే అధికారం ఇస్తూ తీర్మానం చేసింది. సెనేట్‌లో 98-0. ప్రతినిధుల సభలో 420-1. అసలు వాక్యం ఇంగ్లీషులో 60 మాటలు. అందులో అల్ ఖైదా పేరు లేదు, అఫ్ఘానిస్తాన్ పేరు లేదు, ఎప్పటిదాకా అన్న గడువు లేదు. ఆ దాడులు చేసినవాళ్లనీ సాయపడ్డవాళ్లనీ అధ్యక్షుడు ఎవరిని నిర్ణయిస్తే వాళ్ల మీద, అంతే. వైట్‌హౌస్ మొదట అడిగింది ఇంతకన్నా ఎక్కువ. కాంగ్రెస్ కొంత కత్తిరించింది, అదీ చెప్పాలి. బుష్ 18న సంతకం పెట్టాడు. ఆ 60 మాటల మీదే యెమెన్, సోమాలియా దాడులు నడిచాయి. 2014లో ఒబామా ఐసిస్ మీద సిరియాలో బాంబులు వేయించినప్పుడు చూపించిన కాగితాల్లో ఇదీ ఒకటి. 2001లో ఐసిస్ అనే పేరే లేదు.

ఆ 420-1లో ఒకటి బార్బరా లీ. ఓక్లాండ్ నుంచి గెలిచిన నల్లజాతి సభ్యురాలు. ఆ రోజే వాషింగ్టన్ నేషనల్ కేథడ్రల్‌లో సంస్మరణ ప్రార్థనకు వెళ్లి, అక్కడ ఒక మతగురువు అన్న మాట మనసులో పెట్టుకుని వచ్చి సభలో అదే చెప్పింది: మనం ఏ దుర్మార్గాన్ని ఖండిస్తున్నామో ఆ దుర్మార్గంగా మనమే మారకూడదని. గొంతు వణికింది. తర్వాత బెదిరింపులు వెల్లువెత్తితే పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. నీ వ్యాసంలో జంట భవనాలు కూలిన తీరు మీద రెండు పేరాలున్నాయి. ఈమె పేరు లేదు. నీకు కోపం రావాలనే ఇది రాస్తున్నాను.

ఈ పిచ్చి నాకెక్కడ పట్టుకుందంటే, ఉస్మానియా ప్రాంగణంలోని అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ లైబ్రరీలో. ఉద్యోగం లేదు, అశోక్‌నగర్‌లో గది అద్దె బాకీ, ఇంటి ఓనరు కంటపడకుండా పగలంతా ఎక్కడో కూర్చోవాలి. రీసెర్చ్ చేస్తున్న మిత్రుడొకడు లోపలికి తీసుకెళ్లాడు. అక్కడ వియత్నాం మీద చదువుతుంటే, ఆ యుద్ధానికి అధ్యక్షుడి చేతికి అధికారం ఇచ్చిన టాంకిన్ తీర్మానం ఓట్లు కంటపడ్డాయి. 1964 ఆగస్టు 7. దిగువ సభలో 416-0, సెనేట్‌లో 88-2. ఆ ఇద్దరూ వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్. అమెరికా నౌకల మీద ఏ రెండో దాడి జరిగిందని చెప్పి ఆ తీర్మానం తెచ్చారో, ఆ దాడి జరగనే లేదని తర్వాత తేలింది. ఆ ఇద్దరూ 1968లో తమ సీట్లు పోగొట్టుకున్నారు. నేను ఆ రోజు గదికి నడుచుకుంటూ వెళ్లాను. బస్సుకి డబ్బుల్లేక నడిచానని మా ఆవిడ అంటుంది, అప్పటికి మాకింకా పెళ్లే కాలేదు.

ఇప్పుడు ఎడిటర్ల సంగతి. నువ్వు ఏ పత్రికకు పంపమంటారని అడిగావు. చెబుతాను కానీ, ముందు ఇది విను. 2000 నవంబర్ 8న నేనొక దినపత్రిక డెస్కులో ఉన్నాను. మన మధ్యాహ్నం భోజనాల వేళకి అమెరికా చానళ్లు అధ్యక్ష ఎన్నికలో బుష్ గెలిచాడన్నాయి. రెండు గంటలు తిరక్కుండానే కాదు కాదన్నాయి. ఫ్లోరిడా రాష్ట్రం ఫలితం తేలలేదు. తర్వాత నెలరోజులూ ఒకటే గోల. నేను ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీ బ్యాలెట్ బొమ్మ సంపాదించి, దాన్ని చూసి రాశాను. అక్కడ వయసుమళ్లినవాళ్లు ఎక్కువ. వాళ్లకి కనపడాలని ఎన్నికల కార్యాలయం అక్షరాలు పెద్దవి చేసింది. పెద్దవి చేస్తే పేర్లన్నీ ఒక పేజీలో పట్టలేదు. రెండు పేజీలకూ పంచి, ఓటేయడానికి పొడిచే చిల్లులు మాత్రం మధ్యలో ఒకే వరసలో ఉంచారు. ఎడమ పేజీలో మొదటి పేరు బుష్, రెండో పేరు గోర్. గోర్‌కి వేయాలనుకున్నవాళ్లు రెండో పేరు కదా అని రెండో చిల్లు పొడిస్తే అది కుడి పేజీలోని రిఫార్మ్ పార్టీ అభ్యర్థి బుకానన్‌ది. గోర్‌ది మూడోది. ఆ కౌంటీలో బుకానన్‌కి 3,407 ఓట్లు పడ్డాయి. ఒకటికి మించి చిల్లులు పొడిచి చెల్లకుండా పోయిన బ్యాలెట్లు 19 వేలకు పైగా. చివరికి ఫ్లోరిడా మొత్తంలో, దాదాపు 60 లక్షల ఓట్లలో, బుష్‌కి వచ్చిన ఆధిక్యం 537. డిసెంబర్ 12న సుప్రీంకోర్టు 5-4తో లెక్కింపు ఆపేసింది.

బొమ్మతో సహా తీసుకెళ్లి ఇస్తే మా ఎడిటర్ గారు చూసి, "మన పాఠకుడికి ఈ బెజ్జాల గోల ఎందుకయ్యా, అగ్రరాజ్యంలో ప్రజాస్వామ్యం అపహాస్యం అని ఒక ఎడిటోరియల్ కొట్టు" అన్నారు. కొట్టాను. నెల జీతం కావాలి కదా. అపహాస్యం అన్న మాట ఇంకో నాలుగు పత్రికల్లోనూ పడింది, బెజ్జాలు ఎక్కడా పడలేదు. ఇప్పటికీ నాకు ఆ కడుపుమంట చల్లారలేదు. అక్షరాల సైజు పెంచుదామని మంచి మనసుతో తీసుకున్న నిర్ణయం ఒక అధ్యక్షుణ్ణి మార్చి ఉండొచ్చన్న సంగతి తెలుగులో ఎవరికీ అక్కర్లేకపోయింది! ఈ మధ్య ఇంకో కొత్త జబ్బు వచ్చింది. ఏది అర్థం కాకపోయినా ‘డీప్ స్టేట్’ అనేస్తారు, లేకపోతే ‘నేరేటివ్’ అంటారు. నీ వ్యాసంలో రెండూ ఉన్నాయి. ‘అమెరికా అస్తమయం’ కూడా ఉంది. ఆ హెడ్డింగు నేను 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయినప్పటి నుంచి చదువుతున్నాను.

ఇరాక్ సంగతీ అంతే. బాగ్దాద్ ఫిర్దౌస్ కూడలిలో సద్దాం విగ్రహం పడింది 2003 ఏప్రిల్ 9న, నువ్వు అక్కడ ఆగిపోయావు. మే 23న, అక్కడ అమెరికా పెట్టిన పాలనాధికారి పాల్ బ్రెమర్ రెండో నంబరు ఉత్తర్వుతో ఇరాక్ సైన్యాన్ని రద్దు చేశాడు. తుపాకీ పట్టడం వచ్చిన లక్షల మంది ఒక్క కాగితంతో జీతం లేకుండా రోడ్డున పడ్డారు. వాళ్లలో కొందరు అధికారులు తర్వాత ఐసిస్‌లో తేలారు. ఇంకొంచెం వెనక్కి పోతే ఈ యుద్ధానికి అనుమతి ఇచ్చిన 2002 అక్టోబర్ ఓటు. సెనేట్‌లో 77-23. హిల్లరీ క్లింటన్ సరే అన్నవాళ్లలో ఉంది. అదే నెల 2న షికాగోలో ఇల్లినాయ్ రాష్ట్ర సెనేటర్ ఒకడు ఈ యుద్ధం వద్దని సభలో మాట్లాడాడు. 2008లో ఆమెకి ఎదురు నిలబడింది అతనే, ఒబామా. నీ జాబితాలో 2003, 2008 విడివిడి మలుపులుగా ఉన్నాయి, మధ్యలో దారం లేదు.

ఇక 2016. ‘ట్రంప్ సునామీ’ అన్నావు. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడూ కలిపి తేడా 80 వేల ఓట్లకు లోపే. సునామీ అంటే మచిలీపట్నంవాళ్లని అడుగు. ఆ మూడు రాష్ట్రాలూ ఎక్కడ వంగాయో చూడాలంటే 2000కి పోవాలి. ఆ ఏడాది చైనాకి శాశ్వత సాధారణ వాణిజ్య హోదా, అంటే ఏటా మళ్లీ అడగక్కర్లేకుండా మామూలు సుంకాలతోనే సరుకు అమ్ముకునే వీలు, ఇవ్వాలా వద్దా అని ఓటేశారు. ప్రతినిధుల సభలో 237-197. వద్దన్న ఆ 197 మందిలో రెండు పార్టీలవాళ్లూ ఉన్నారు. అక్టోబర్ 10న క్లింటన్ సంతకం పెట్టాడు. 2001 డిసెంబర్ 11న చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో (డబ్ల్యూటీవో) చేరింది, అప్పటికి అందరి కళ్లూ అఫ్ఘాన్ కొండల మీదున్నాయి. సంతకం పెట్టిన 2000లో అమెరికా ఫ్యాక్టరీల్లో కోటీ 70 లక్షల మందికి పైగా పనిచేసేవాళ్లు. పదేళ్లకి కోటీ 15 లక్షల దరిదాపుల్లోకి వచ్చారు. అంతా చైనా వల్లే కాదు, యంత్రాలూ మాంద్యమూ ఉన్నాయి. ఆ ఊళ్లవాళ్లకి మాత్రం ఆ సంతకం గుర్తుంది.

సరిగ్గా వారం తర్వాత, అక్టోబర్ 17న, అదే క్లింటన్ ఇంకో చట్టం మీద సంతకం చేశాడు. దాంతో హెచ్1బీ వీసాల పరిమితి మూడేళ్లపాటు ఏడాదికి 1,95,000 అయింది. ఒక కాగితం ఒహాయోలో షిఫ్టులు తగ్గించింది, ఇంకోటి అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లకి ఊపిరి పోసింది. మా పత్రికలో రెండోది మొదటి పేజీ, మొదటిది బిజినెస్ పేజీలో అడుగున నాలుగు లైన్లు. 2003 అక్టోబర్‌తో పరిమితి మళ్లీ 65,000కి పడిపోయింది. 2025 సెప్టెంబర్‌లో ట్రంప్ కొత్త దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజు పెట్టినప్పుడు మన ఇళ్లల్లో ఫోన్లు ఎలా మోగాయో నీకు నేను చెప్పక్కర్లేదు.

వ్యాసంతో పాటు పంపిన ఉత్తరంలో, మాటల మధ్యలో, మీ పెదనాన్న 2001 జనవరిలో న్యూజెర్సీ వెళ్లి, మరుసటి ఏడాది ఉద్యోగం పోయి తిరిగొచ్చాడని, ఆ సూట్‌కేసుల్లోనే మీ అమ్మమ్మ ఇప్పటికీ చీరలు పెట్టుకుంటుందని రాశావు. పది మలుపుల్లో నన్ను కదిలించింది ఒక్కటీ లేదు, ఈ వాక్యం కదిలించింది. ఆయన వెళ్లింది ఏ చట్టం మీదో, వచ్చింది ఎందుకో ఆయన్నే కూర్చోబెట్టి అడుగు. వీసా ఏ కోటా, కన్సల్టెన్సీ ఎంత కోసుకుంది, ప్రాజెక్టు లేక బెంచి మీద ఎన్నాళ్లు కూర్చున్నాడు, ఎవరు సంతకం పెడితే వెనక్కి రావాల్సి వచ్చింది. సిగ్గుపడి చెప్పకపోతే మీ పెద్దమ్మ చెబుతుంది.

పది వద్దు. రెండు చాలు: అక్టోబర్ 2000 ఒకటి, దోహా ఒకటి. దోహా ఒప్పందం నెట్‌లో ఉంది, సాయంత్రం కాఫీ తాగేలోపు అయిపోతుంది. ఓట్ల లెక్క ఎక్కడ రాసినా ఎదురు ఓటేసినవాళ్ల సంఖ్య కూడా పక్కన వెయ్యి. బుష్ రక్షణమంత్రి రమ్స్‌ఫెల్డ్ పేరు మూడు చోట్ల మూడు రకాలుగా పడింది, సరిచూసుకో. ఈసారి డబుల్ స్పేస్‌లో ప్రింట్ తీసి పోస్టులో పంపు. ఫోన్‌లో చదివితే నాకు కళ్లు లాగుతున్నాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు