ఎవరి మీద ఎంత పని పడుతోందో ఎక్సెల్‌లో వారాలవారీగా చూడటం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు: ఎనిమిది మంది టీమ్, ఆరు నెలల ప్రాజెక్ట్. పనులు, తేదీలు, ఎవరు చేయాలి, ఎన్ని గంటలు పడుతుంది, అన్నీ ఎక్సెల్‌లో ఉన్నాయి. కానీ ఏ వారం ఎవరు పనిలో మునిగిపోతున్నారో, ఎవరి చేతులు ఖాళీగా ఉన్నాయో చూడగానే తెలియడం లేదు.

నేనూ అక్కడే ఇరుక్కున్నాను. పనుల పక్కన వారాల కాలమ్స్ పెట్టి, సెల్స్‌కి చేత్తో రంగులు వేసేవాణ్ణి. చూడటానికి బ్రహ్మాండంగా ఉండేది, మీటింగ్‌లో మెచ్చుకున్నారు కూడా. రెండు వారాలు గడిచాక మా టెస్టర్ వచ్చి, "వచ్చే వారం మూడు మాడ్యూల్స్ నా మీదే పడుతున్నాయి, చూశారా సార్?" అని అడిగింది. చూడలేదు. ఆ మూడూ షీట్‌లో 14, 37, 52 వరుసల్లో ఉన్నాయి. దేనికది చూస్తే ఏ ఇబ్బందీ లేదు: 24 గంటలు, 18 గంటలు, 16 గంటలు. కలిపితే 58. ఆమెకు ఆ వారం ఉన్నది 30.

ఇలా పనుల పక్కన కాలం మీద రంగు పట్టీలు వేసి చూపే గ్యాంట్ చార్ట్‌తో చిక్కే అది. ప్రాజెక్ట్‌ని పని వైపు నుంచి చూపిస్తుంది తప్ప మనిషి వైపు నుంచి కాదు. పైగా చేత్తో వేసిన రంగుల్ని ఏ ఫార్ములా కూడలేదు. అందుకే ముందు అంకెలు రానివ్వండి, రంగు సంగతి తర్వాత.

నేను ఇప్పుడు వాడేది మూడు షీట్లు. మొదటిది పనుల జాబితా, మీ దగ్గర ఉన్నదే. ఒక వరుసకు ఒక పని, ఒకే మనిషి. ఒక పనిని ఇద్దరు చేస్తుంటే రెండు వరుసలు రాయండి, ఒకే సెల్‌లో కామా పెట్టి రెండు పేర్లు ఇరికించకండి. మెర్జ్ చేసిన సెల్స్ ఉంటే విడగొట్టేయండి.

అసలు కష్టమంతా రెండో షీట్‌లో ఉంది. అదే పనులు నిలువుగా, వారాలు అడ్డంగా. ఒక్కో సెల్‌లో తేలాల్సింది ఒకటే: ఈ పనికి చెందిన పనిరోజులు ఈ వారంలో ఎన్ని పడ్డాయి? నెట్‌వర్క్‌డేస్ (NETWORKDAYS) రెండు తేదీల మధ్య శని, ఆదివారాలు, మీరిచ్చిన సెలవు తేదీల జాబితా పోగా పనిరోజుల్ని లెక్కపెడుతుంది; మ్యాక్స్ (MAX) పెద్దది, మిన్ (MIN) చిన్నది ఎంచుతాయి. ఫార్ములా ఇలా ఉంటుంది, పేర్లు మీ సెల్స్‌ని బట్టి మార్చుకోండి:

మ్యాక్స్(0, నెట్‌వర్క్‌డేస్(మ్యాక్స్(పని మొదలు, వారం మొదలు), మిన్(పని ముగింపు, వారం ముగింపు), సెలవులు))

ముందున్న మ్యాక్స్, సున్నా ఎందుకంటే, పనికీ వారానికీ సంబంధమే లేనప్పుడు నెట్‌వర్క్‌డేస్ మైనస్ అంకె ఇస్తుంది. నేను మొదట అది పెట్టలేదు. షీట్ నిండా మైనస్‌లు వచ్చి పడ్డాయి, అరపూట దానికే పోయింది. వచ్చిన రోజుల్ని ఆ పనికి రోజుకు పడే గంటలతో గుణించండి. రోజుకు పడే గంటలంటే మొత్తం గంటల్ని ఆ పని మొదలు నుంచి ముగింపు వరకు ఉన్న పనిరోజులతో భాగించినవి, ఇక్కడా అదే సెలవుల జాబితా వాడాలి.

ఉదాహరణకు 30 గంటల పని గురువారం మొదలై మరుసటి బుధవారం ముగుస్తుంది. అయిదు పనిరోజులు, రోజుకు 6 గంటలు. మొదటి వారానికి 12, రెండో వారానికి 18. "రెండు వారాలే కదా, చెరి 15" అని వేసేస్తే రెండో వారంలో 3 గంటలు కనబడకుండా పోతాయి. మధ్యలో ఆ శుక్రవారం సెలవైతే రోజుకు 7.5 అవుతుంది, అప్పుడు 7.5, 22.5. ఇలాంటివి నాలుగైదు ఒకే మనిషికి చేరితే తేడా గట్టిగానే తెలుస్తుంది.

ఇదంతా సమ్‌ప్రొడక్ట్‌తో (SUMPRODUCT, కాలమ్స్‌ని వరుసవారీగా గుణించి కూడే ఫంక్షన్) ఒకే ఫార్ములాలో చేసేయొచ్చు కదా అనిపిస్తుంది. నేనూ ప్రయత్నించాను. మ్యాక్స్‌కి కాలమ్ మొత్తం ఇస్తే వరుసకో జవాబు రాదు, అన్నింటికీ కలిపి ఒకటే వస్తుంది. నెట్‌వర్క్‌డేస్‌ కూడా కాలమ్‌ని తీసుకోనని మొరాయిస్తుంది. మధ్యలో ఒక షీట్ ఎక్కువైనా ఫర్వాలేదు, తప్పు ఎక్కడుందో కంటికి కనబడుతుంది.

మూడో షీట్‌లో వరుసకో మనిషి, కాలమ్‌కో వారం. సమ్‌ఇఫ్స్‌తో (SUMIFS, షరతుకు సరిపోయినవాటినే కూడే ఫంక్షన్) రెండో షీట్‌లోని ఆ మనిషి గంటల్ని కూడి, అతనికి ఆ వారం అందుబాటులో ఉన్న గంటలతో భాగించి, శాతంగా చూపండి. అందుబాటు అంటే 40 అని వేయకండి. మీటింగ్‌లు, మెయిల్స్, పక్కవాళ్ల సందేహాలు పోగా రోజుకు 6 గంటలు మిగిలితే గొప్పే, నేను వారానికి 30 వేస్తాను. ఎవరైనా సొంత సెలవు పెడితే ఆ వారం తగ్గించండి. పూర్తిగా సెలవైతే భాగించాల్సిన అంకె సున్నా అయి ఫార్ములా ఎర్రర్ చూపిస్తుంది, దానికి ఇఫ్‌ఎర్రర్ (IFERROR) తగిలించి "సెలవు" అని వచ్చేలా చేసుకోండి. కాకపోతే ఆ వారం పని కూడా పడి ఉంటే ఈ మాట దాన్ని కప్పేస్తుంది, గంటలు ఓసారి చూసుకోండి.

ఇక రంగులు. కండిషనల్ ఫార్మాటింగ్‌లో (అంకెను బట్టి సెల్‌కి ఎక్సెలే రంగు వేసే సదుపాయం) ఎరుపు-పసుపు-పచ్చ కలర్ స్కేల్ నొక్కి వదిలేస్తే మోసపోతారు. అది మీ అంకెల్లో పెద్దదానికి ఎరుపు, చిన్నదానికి పచ్చ వేస్తుంది, అంతే. టీమ్‌లో అత్యధికం 70 శాతమే అయినా అక్కడ ఎర్రగా మెరుస్తుంది, చూసిన మేనేజర్‌కి అనవసరంగా టెన్షన్. రూల్స్ మీరే రాయండి. నావి: 80 శాతం లోపు తెలుపు, 80 నుంచి 100 లేత పచ్చ, 100 నుంచి 120 నారింజ, ఆపైన ఎరుపు. అంకెను మాత్రం దాచకండి. ఎరుపు, పచ్చ తేడా కనబడనివాళ్లు ఉంటారు, నలుపు తెలుపులో ప్రింట్ తీసేవాళ్లూ ఉంటారు.

నెలలవారీగా చేయమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. మా టెస్టర్ ఆ నెల గంటలు 58, 18, 15, 17. మొత్తం 108, అందుబాటులో ఉన్నవి 120. నెల లెక్కలో 90 శాతం, అంటే లేత పచ్చ! వారం లెక్కలో మొదటి సెల్ 193 శాతం. రోజులవారీ కూడా వద్దు, ఆరు నెలలకు వందకు పైగా కాలమ్స్ అవుతాయి, ఎవరూ చూడరు. గూగుల్ షీట్స్‌లోనూ ఇవే ఫంక్షన్లు ఉన్నాయి, పద్ధతి మారదు.

చివరి వరుసలో "ఎవరికీ ఇవ్వలేదు" అని పెట్టుకోండి, జాబితాలో పేరు ఖాళీగా ఉన్నచోట కూడా ఇదే రాయండి. దాని కింద ఒక తనిఖీ సెల్: మొదటి షీట్‌లోని మొత్తం గంటలు మైనస్ మూడో షీట్‌లో శాతంగా మార్చకముందు కూడిన మొత్తం. సున్నా రావాలి. నాకొకసారి 16 వచ్చింది. ఎంత వెతికినా దొరకలేదు. చివరికి చూస్తే ఒకరి పేరు చివర ఒక స్పేస్ ఎక్కువ పడింది, సమ్‌ఇఫ్స్ దాన్ని వేరే మనిషి అనుకుంది. ఆ రోజే పేర్ల కాలమ్‌కి డ్రాప్‌డౌన్ పెట్టేశాను.