బయాప్సీ రిపోర్టు కోసం ఎదురుచూస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

ఫోన్లో చెబితే సగం నీ చెవిన పడదని ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీద ఉంటే కంటి మీద కునుకు రానప్పుడు మళ్ళీ తీసి చదువుకోవచ్చు. సోమవారం విజయవాడ సూర్యారావుపేటలో నీ రొమ్ములోని గడ్డ నుంచి సూదితో ముక్క తీశారు, వారంలో రిపోర్టు వస్తుందన్నారు. గురువారానికే నువ్వు ల్యాబుకు రెండుసార్లు ఫోన్ చేశావు. ఇంకా రాలేదని వాళ్ళంటే, "ఏదో దాస్తున్నారు పెద్దమ్మా" అని ఏడ్చావు. ఎవరూ ఏమీ దాయడం లేదు తల్లీ. నా ఉద్యోగమంతా గుంటూరులో పాథాలజీ ల్యాబులోనే గడిచింది కదా, ఆ గదిలో ఇప్పుడు ఏం జరుగుతోందో ముందు చెబుతాను.

నీ దగ్గర తీసిన ముక్కలు సేమియా పోగుల్లా సన్నగా ఉంటాయి. తీసిన వెంటనే, చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రావణం ఉన్న సీసాలో వేస్తారు. రొమ్ము ముక్క అందులో కనీసం ఆరు గంటలు ఉండాలి. తొందరపడి ముందే తీస్తే తర్వాతి పరీక్షలు సరిగా రావు. ఆపైన రాత్రంతా యంత్రంలో ఆల్కహాలు, జైలీన్ ఒకదాని తర్వాత ఒకటి పట్టించి, ముక్కలోని నీటిని లాగేసి, ఆ చోట కరిగిన మైనం నింపుతారు. చల్లారాక అది చిన్న మైనపు దిమ్మ అవుతుంది. దాన్ని పలుచగా కోసే యంత్రమైన మైక్రోటోమ్‌కు బిగించి మూడు, నాలుగు మైక్రాన్ల మందాన కోస్తారు. వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. కోసిన పట్టీని గోరువెచ్చని నీళ్ళ మీద వదిలితే విచ్చుకుని తేలుతుంది. ముడత పడకుండా గాజు పలకను కింది నుంచి పోనిచ్చి ఎత్తుకోవాలి. ఆ పని చేసేటప్పుడు మేము ఫ్యాను ఆపేసేవాళ్ళం, ఒకరితో ఒకరం మాట్లాడుకునేవాళ్ళం కాదు. తర్వాత రంగులు పట్టిస్తారు. కణంలోని కేంద్రకం నీలంగా, చుట్టూ ఉన్నది గులాబీగా కనిపిస్తుంది. అప్పుడు గానీ ఆ పలక డాక్టరు మైక్రోస్కోపు కిందికి చేరదు.

చూసిన డాక్టరుకు ఏ కాస్త సందేహం వచ్చినా అదే దిమ్మను ఇంకా లోతుగా కోయమంటారు. మరో డాక్టరుకు చూపిస్తారు. కణాల్లో ఏ ప్రొటీన్లున్నాయో రంగులతో చూపే ఇమ్యునో పరీక్ష అడుగుతారు. దానికి మరికొన్ని రోజులు పడుతుంది, కొన్ని ల్యాబులు దాన్ని వేరే ఊరికి పంపిస్తాయి. క్యాన్సర్ అని తేలాక అది ఏ రకమో తెలుసుకోవడానికి ఆ పరీక్ష చేస్తారు, అసలు క్యాన్సర్ కాదని నిర్ధారించుకోవడానికీ చేస్తారు. మధ్యలో ఆదివారం వచ్చిందంటే ఒక రోజు పోతుంది. అన్నేళ్ళు ఆ బల్లల మధ్య తిరిగిన నేను కూడా, రిపోర్టు ఆలస్యమైందన్న ఒక్క సంగతిని బట్టి లోపల ఏముందో చెప్పలేను. ల్యాబు కౌంటరులో ఫోన్ ఎత్తే పిల్లకు అసలే తెలియదు. కాబట్టి ఇంకొక్కసారి మాత్రం చెయ్యి. ఏ రోజుకు వస్తుందో అడిగి, ఆ తేదీ రాసుకో. అంతటితో ఆపెయ్యి.

మనుషుల ముఖాలు చదవడం కూడా మానుకో. స్కానింగ్ చేసిన డాక్టరమ్మ నవ్వలేదని, నీతో మాట్లాడలేదని అన్నావు. తెర మీద కొలతలు తీసుకునే మనిషి అలాగే ఉంటుంది.

నీ స్కానింగ్ కాగితం మీద బైరాడ్స్ 4ఏ అని ఉంది. 4 అనగానే నాలుగో దశ క్యాన్సర్ అనుకుని నీ గుండెల్లో రాయి పడింది. ఆ అంకెకూ క్యాన్సర్ దశకూ ఏ సంబంధమూ లేదు. అనుమానం ఎంతన్నది చెప్పే అంకె అది. 4ఏ అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండు నుంచి పది మధ్య అని అర్థం. నీ వయసులో గడ్డలు చాలావరకు ఫైబ్రోఅడినోమా అనే క్యాన్సర్ కాని గడ్డ గానో, నీటి తిత్తి గానో తేలతాయి. అయినా "ఏమీ కాదులే" అని నేను అనను. అలా అన్నవాళ్ళందరి మీదా నీకు కోపం వచ్చిందన్నావు, అది న్యాయమైన కోపమే. చూడకుండా ఎవరూ చెప్పలేరు కనకే సూది వేశారు.

సూది గుచ్చితే జబ్బు ఒళ్ళంతా పాకుతుందని మీ మేనత్త అన్నదట. అది నిజం కాదు. ఈ పరీక్ష లేకుండా ఏ వైద్యం చేయాలో డాక్టరుకు తెలిసే దారే లేదు. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తితే నాకు ఫోన్ చేయమని చెప్పు.

ఇంకొకటి, ఆ గడ్డను పదేపదే నొక్కి చూసుకోవద్దు. సూది వేసిన చోట లోపల నెత్తురు కమిలి వాపు ఉంటుంది, చర్మం నీలంగా మారి తర్వాత పసుపుపచ్చగా అవుతుంది. నువ్వు నొక్కి చూసి "పెరిగింది" అని హడలిపోయేది ఆ వాపును చూసే. ఒంటికి పట్టి ఉండే లోదుస్తు వేసుకో, నొప్పి ఉంటే డాక్టరు రాసిన మాత్ర వేసుకో. నొప్పి తగ్గేదాకా బరువులు ఎత్తకు, చంటివాణ్ణి మీ ఆయన ఎత్తుకుంటాడు. జ్వరం వచ్చినా, ఎర్రదనం పెరుగుతున్నా, చీము కారినా, నెత్తురు ఆగకపోయినా మాత్రం రిపోర్టు దాకా ఆగకుండా వెంటనే వెళ్ళు.

ఇక దిగులు సంగతి. వద్దనుకుంటే పోయేది కాదది. దానికి ఒక వేళ కేటాయించు. సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా కూర్చుని భయపడు, ఏడుపొస్తే ఏడువు, డాక్టరును అడగాల్సినవి నోటుబుక్కులో రాయి. మధ్యాహ్నం వంటింట్లో ఉండగా అదే ఆలోచన వస్తే, దాన్ని ఆరింటికి చూసుకుందామని చెప్పి చేతిలో పని అందుకో. మొదట్లో వినదు, రెండు మూడు రోజులకు కొంత వింటుంది. రాత్రి ఫోన్ హాల్లో వదిలేసి పడుకో. అర్ధరాత్రి నువ్వు వెతికి చదివే కథలు వేరే ఆడవాళ్ళవి, వాళ్ళ గడ్డ నీది కాదు. నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకు. లేచి కుర్చీలో కూర్చుని, పీల్చిన దానికంటే ఎక్కువసేపు పట్టేలా ఊపిరి మెల్లగా వదులు. మధ్యాహ్నం తర్వాత కాఫీ వద్దు. అత్తగారి నిద్రమాత్ర అసలే వద్దు. తెల్లవారుజామున ఎండ ఎక్కకముందు బ్యారేజీ వైపు నడిచి రా, ఒంటరిగా వద్దు. మీ అమ్మ దుర్గమ్మకు మొక్కుకుంటానంటే మొక్కుకోనివ్వు. నువ్వు మాత్రం ఉపవాసాలు పెట్టుకోవద్దు, అసలే తిండి మానేశావు.

అందరికీ చెప్పాలని లేదు. మీ ఆయనకు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆయన్ను భయపెట్టకూడదని నువ్వు, నిన్ను భయపెట్టకూడదని ఆయన, ఇద్దరూ పక్కపక్కనే పడుకుని కళ్ళు తెరుచుకుని ఉంటారు. చుట్టాల ఫోన్లు ఆయనే ఎత్తాలి. రాత్రిపూట ఎవరినీ లేపలేక గుండె దడదడలాడితే 14416కు చెయ్యి. అది టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్ళు మాట్లాడుకునే ప్రభుత్వ ఫోన్ సేవ, ఉచితం, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

రిపోర్టు ఫోన్‌కే వస్తుందేమో. వస్తే ఆఫీసులో ఒంటరిగా తెరవకు, ఆ పూటే డాక్టరు దగ్గర చూసేలా సమయం తీసుకో. పేరు, వయసు, కుడా ఎడమా అన్నది ముందు సరిచూసుకో. క్యాన్సర్ కాదని ఉంటే సంతోషంతో లేచి వచ్చేయకు. స్కానింగులో కనిపించిన దానికీ ఈ ఫలితానికీ పొంతన కుదిరిందా, మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలి అని అడుగు. పొంతన కుదరకపోతే మళ్ళీ ముక్క తీయాల్సి రావచ్చు. ఒకవేళ అవునని ఉంటే, అది ఏ రకమో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షల ఫలితాలు ఎప్పుడొస్తాయో అడుగు, వైద్యం చాలావరకు వాటిని బట్టి ఉంటుంది. ఆ సాయంత్రమే ఆపరేషన్‌కు ఒప్పుకోవాల్సిన పని లేదు, ఇంకో డాక్టరు మాట వినే వ్యవధి ఉంటుంది. అలాగని నెలలు జారవిడవకూడదు. డబ్బు గురించి ఇప్పుడే కుమిలిపోకు. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో క్యాన్సర్ విభాగం ఉంది. ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవలో క్యాన్సర్ వైద్యం ఉంది, మీ రేషన్ కార్డు ఎక్కడుందో చూసి పెట్టుకో.

సోమవారం పొద్దున గుంటూరు నుంచి బస్సెక్కి తొమ్మిదింటికల్లా మీ ఇంట్లో ఉంటాను. మామోగ్రామ్ ఫిల్ములు, స్కానింగ్ కాగితాలు, నీ నోటుబుక్కు ఒకే సంచిలో సర్ది ఉంచు. డాక్టరు గదిలోకి మీ ఆయన, నేను ఇద్దరం వస్తాం. ఆయన వింటాడు, నేను రాసుకుంటాను.

నీ పెద్దమ్మ
బ్రాడీపేట, గుంటూరు